అంధకార సాధనలో ఆరు వందల గుడ్లు

ఐదు రోజుల నాయకత్వ శిక్షణకు వెళ్లేటప్పుడు డాక్టర్ సదానందం గారు మామూలు మనిషే. గుర్రంతిప్ప జిల్లా పశుసంవర్ధక శాఖకు ఆయన జాయింట్ డైరెక్టరు. పదిన్నరకు ఆఫీసుకొచ్చేవారు. ఫైలు పెడితే ‘చర్చించండి’ అని రాసేవారు. చర్చించడానికి ఎవరైనా వస్తే ‘ఫైలు పెట్టండి’ అనేవారు. దీనివల్ల జిల్లాలోని పశువులకు పెద్దగా మేలు జరగకపోయినా, కీడైతే జరిగేది కాదు. శిక్షణ ముగించుకుని వచ్చిన మనిషి వేరు. చేతిలో మట్టి పిడత, మెడలో ఏవో గింజల దండ, ముఖం నిండా ప్రశాంతత. ఆ ప్రశాంతత చూసి ఆఫీసు సూపరింటెండెంటు ముత్యాలప్పకు గుండె జారింది. అధికారికి కోపం వస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, ప్రశాంతత వస్తే ఎప్పటికి తగ్గుతుందో ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయనకు అంతుచిక్కలేదు.

అదే ఆవరణలో, ఆఫీసు వెనక, రేకుల కప్పు కింద ప్రభుత్వ నాటుకోళ్ల హేచరీ ఉంది. గుడ్లను మిషనులో పెట్టి పిల్లల్ని లేపే చోటు అది. ఇరవై ఆరేళ్లుగా దానికి సూపర్వైజరు ఓబుళమ్మ. పేరుకు సూపర్వైజరే గానీ ఆమె కింద ఉన్నది మస్తానయ్య అనే ఒకే ఒక్క ఆపరేటరు, ఆయనకు ఒక చెవి వినపడదు. ఉన్న ఒక్క మిషనూ ఓబుళమ్మ ఉద్యోగంలో చేరిన ఏడాది వచ్చిందే. లోపలి గుడ్లు అటూ ఇటూ ఒరగడానికి దానికొక పిడి ఉంటుంది, రోజుకు మూడుసార్లు చేత్తో తిప్పాలి. అలా తిప్పుతూనే వంద గుడ్లకు ఎనభై పిల్లలకు తగ్గకుండా ఆమె ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది. ఆ పిల్లలను చుట్టుపక్కల మహిళా సంఘాలవాళ్లు గంపల్లో పట్టుకెళ్లి పెంచుకుంటారు. కొన్ని లక్షల పిల్లలు పెంకు పగలగొట్టుకుని తల బయటపెట్టడం చూసిన మనిషే అయినా, పిల్లలు లేచే రోజు ఓబుళమ్మకు ఇప్పటికీ ముద్ద దిగదు. అంత ప్రాణం ఆమెకు ఆ పనంటే.

సదానందం గారు వచ్చిన మర్నాడే అందరినీ సమావేశపరిచారు. పక్కన శిక్షణ ఇచ్చిన ఆచార్య ఋతంభర్ కూడా ఉన్నారు. తెల్లటి లాల్చీ, వెనక్కి దువ్విన జుట్టు, ఎవరు ఏమడిగినా ముందు కళ్లు మూసుకునే అలవాటు. అంతకుముందు పట్నంలో నీళ్లు శుద్ధి చేసే యంత్రాలు అమ్మేవారని ముత్యాలప్ప ఎక్కడో విన్నాడు. ఇప్పుడు అధికారులను శుద్ధి చేస్తున్నారు.

“చంద్రుడు పెరుగుతాడు, తరుగుతాడు. చెట్టు చిగురిస్తుంది, ఆకు రాలుస్తుంది. అధికారి మాత్రం ఏడాది పొడుగునా ఒకేలా ఉంటున్నాడు. అందుకే ఎదగడం లేదు,” అన్నారు ఆచార్య.

అందరూ తలలూపారు. ఏడాది పొడుగునా ఒకేలా ఉంటున్నామన్న మాటలో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

మొదటి ఉత్తర్వు పిడత గురించి. ఉదయం పదిన్నరకు సిబ్బంది యావన్మందీ తూర్పుకు తిరిగి నిలబడి, ‘ఈ రోజు నేను వదిలివేయునది’ అని ఒక చీటీ మీద రాసి, పిడతలోని నిప్పులో వేయాలి. మొదటి రోజు కోపం, అసూయ లాంటివి కాలాయి. మూడో రోజుకల్లా సంజాయిషీ నోటీసులు, పాత ఫిర్యాదులు, ఒక డాక్టరుగారి టూరు డైరీ కూడా అందులో పడి పొగయ్యాయి. శాఖ మీద భారం తగ్గుతున్నట్టు అందరికీ స్పష్టంగా తెలిసింది. ఈ పొగ కార్యక్రమం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి జరిగేది. హాజరు తప్పనిసరి కాబట్టి ఓబుళమ్మ, మస్తానయ్య ఇద్దరూ వెళ్లి తూర్పుకో పడమరకో తిరిగి నిలబడేవాళ్లు. ఆ వేళకు తిప్పాల్సిన పిడి అలాగే ఉండిపోయేది. ఆ విడతలో నూటికి అరవై ఆరు పిల్లలే లేచాయి.

రెండో ఉత్తర్వు పక్షాల గురించి. ‘శుక్లపక్షమున వృద్ధికి సంబంధించిన నిర్ణయములు, కృష్ణపక్షమున క్షయమునకు సంబంధించిన నిర్ణయములు మాత్రమే గైకొనవలెను. ఏకాదశి నాడు నిర్ణయములకు ఉపవాసము’ అని దాని సారాంశం. కొనుగోళ్లు, మంజూరీలు, ఆరంభాలు వృద్ధి కిందికి వస్తాయి. బదిలీలు, కోతలు, తిరస్కారాలు క్షయం కిందికి వస్తాయి. జిల్లాలో గాలికుంటు టీకాలు అయిపోయిన సంగతి బహుళ తదియ నాడు తెలిసింది. పశువులు పన్నెండు రోజులు ఆగాల్సి వచ్చింది. హేచరీ జనరేటరులో డీజిల్ కూడా బహుళ పక్షంలోనే అయిపోయింది. ఒక మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయింది, ఆ విడతలో అరవై ఒకటి లేచాయి.

మూడో ఉత్తర్వుతో ఋతువులు వచ్చాయి. పెద్ద అధికారులకు వసంతం, డాక్టర్లకు శరత్తు, గుమస్తాలకు గ్రీష్మం కేటాయించారు. హేచరీకి శిశిరం మిగిలింది. శిశిరంలో ఉన్నవాళ్లు మూడు అంశాలను ‘రాల్చి’ జాబితా సమర్పించాలి. ఓబుళమ్మ షెడ్డంతా కలయజూసి, ‘కాలు విరిగిన స్టూలు, చిరిగిన గొడుగు, మోకాలి నొప్పి’ అని రాసిచ్చింది. మోకాలి నొప్పి శాఖ ఆస్తి కాదని ముత్యాలప్ప దాన్ని తిప్పి పంపాడు. దాని బదులు ఆమె గోడ గడియారం రాల్చింది. గడియారం నడుస్తూనే ఉండేది పాపం.

ఇన్ని చక్రాలు తిరిగాక కమిషనరేట్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ‘వరుసగా రెండు విడతలలో పొదుగుడు శాతము డెబ్బదికి దిగువన నమోదైనందున, మూడవ విడతలోనూ అట్లే జరిగినయెడల సదరు హేచరీ మూసివేయబడును’ అని అందులో ఉంది. ఓబుళమ్మ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. ఉద్యోగం పోదు, ఇంకో ఆఫీసులో కుర్చీ ఇస్తారు. ఆ కుర్చీలో కూర్చుని తానేం చేయాలో మాత్రం ఆమెకు ఎంత ఆలోచించినా తోచలేదు.

మస్తానయ్య చదివించుకుని, “ఈ తడవ ఎట్లయినా డెబ్బై దాటల్ల మా,” అన్నాడు.

“దాటిస్తాంలే,” అంది ఓబుళమ్మ.

మూడో విడతకు ఆరు వందల గుడ్లు తెప్పించింది. మంచి గుడ్లు, చేత్తో ఒక్కొక్కటీ ఏరినవి. మిషనులో పెట్టడం ఆరంభం కాబట్టి అనుమతికి పాడ్యమి నాడే ఫైలు పెట్టింది. ఫైలు సదానందం గారి బల్ల మీదనుంచి కదిలేసరికి నవమి వచ్చింది. ఆ రోజే గుడ్లు పెట్టింది. డీజిల్ ఫైలు మాత్రం కదిలేలోగా శుక్లపక్షం దాటిపోయి తిరిగొచ్చింది. పిడతకు మస్తానయ్యను ఒక్కణ్నే పంపి, తనకు జ్వరమని చెప్పించి, పిడి తిప్పుతూ కూర్చుంది. పద్దెనిమిదో రోజున గుడ్లను దీపానికి అడ్డంపెట్టి చూస్తే దాదాపు అన్నిటిలోనూ నల్లగా, నిండుగా ప్రాణం కనిపించింది. ఓబుళమ్మ సంతోషం పట్టలేక మస్తానయ్య వినపడని చెవిలోనే ఆ మాట చెప్పేసింది.

ఆ సాయంత్రమే నాలుగో ఉత్తర్వు వచ్చింది.

‘నాయకత్వ వికాసములో అంధకారము అనివార్య దశ. కావున వచ్చు అమావాస్య నాడు జిల్లాలోని నలువది మంది అధికారులును ప్రధాన కార్యాలయమున అంధకార సాధన గావింపవలెను. చీకటి సహజముగా రాత్రివేళ లభ్యమగుచున్నప్పటికీ, అది కార్యాలయ వేళలకు వెలుపల ఉన్నందున, ఉదయము 10 గంటల నుండి సాయంత్రము 5 గంటల వరకు చీకటిని ఏర్పాటు చేసుకొనవలెను. ఆవరణలోని మెయిన్ స్విచ్ మినహాయింపు లేకుండా ఆపివేయబడును.’

ఓబుళమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నవమికి ఇరవై ఒక్క రోజులు కలిపితే అమావాస్యే. మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ అమావాస్యే వచ్చింది. చలికాలం, ఏడు గంటలు. పిల్లలు పెంకు లోపల గాలి కోసం ముక్కుతో పొడుచుకుంటూ ఉండే సమయానికి మిషను చల్లబడి, ఫ్యాను ఆగిపోతుంది. ఆమె పైట చెంగుతో చేతులు తుడుచుకుంటూ సదానందం గారి గదికి పరుగులాంటి నడకతో వెళ్లింది. అక్కడ ముత్యాలప్ప కూడా ఉన్నాడు.

“సార్, అమావాస్య పొద్దు నా గుడ్లకు ఇరవై ఒకటో దినం. పిల్లలు లేసేది ఆ పొద్దే. ఆ ఒక్క దినం కరెంటు తీయొద్దండి సార్.”

“అమావాస్యకు వచ్చేలా ఎందుకు పెట్టావు?”

“ఫైలు మీ కాడ్నుంచి నవమికి వచ్చినాది సార్.”

సదానందం గారు చిరునవ్వు నవ్వారు. శిక్షణకు ముందు ఆయన ఇలాంటి చోట విసుక్కునేవారు. విసుక్కునే మనిషితో మాట్లాడటం తేలికని ఓబుళమ్మకు అప్పుడు తెలిసొచ్చింది.

“ఓబుళమ్మా, నీకు గుడ్లు కనిపిస్తున్నాయి. నాకు చక్రం కనిపిస్తోంది.”

“చక్రం ఒక పొద్దు నిలబడినా ఏం కాదు సార్. గుడ్లు నిలబడవు.”

“షెడ్డు వరకు వదిలేద్దామా సార్?” అన్నాడు ముత్యాలప్ప, ఆమె ముఖం చూడలేక.

“స్విచ్ ఒకటే. పైగా మినహాయింపు ఇస్తే అది చీకటి కాదు, మసక.”

“పోనీ, పిల్లలు లేవడం ఒక రోజు వాయిదా పడేలా హేచరీకి మెమో ఇద్దామా సార్?”

“మెమో ఇస్తే నేను చదువుకుంటా సార్. పెంకులో ఉండేటివి చదవవు,” అంది ఓబుళమ్మ. “జనరేటరు ఉండాది. ఇంత డీజిల్ పోయించండి, చాలు.”

“డీజిల్ వృద్ధి,” అన్నారు సదానందం గారు మెత్తగా. “పాడ్యమి నాడు ఫైలు పెట్టు.”

పాడ్యమి అంటే అమావాస్య మర్నాడు. ఓబుళమ్మ వరండాలోకొచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఏడ్చేదే గానీ, వెనకే వచ్చిన ముత్యాలప్ప తన కష్టం మొదలుపెట్టాడు.

“నీది ఒక బాధ, నాది ఇంకో బాధమ్మా. అమావాస్య ఇంకా మూడు దినాలే ఉండాది. నలభై మందికి బీజాలు కావల్ల. కొందామంటే కృష్ణపక్షం. యాడ తెచ్చేది?”

“బీజాలేంది సార్?”

ఆయన ఉత్తర్వు తీసి చూపించాడు. ఓబుళమ్మ మెయిన్ స్విచ్ మాట దగ్గరే చదవడం ఆపేసింది గానీ కింద ఇంకా ఉంది. ‘ప్రతి నాయకుడును ఒక సంకల్ప బీజమును ఒడియందుంచుకొని, శరీరపు వెచ్చదనమును దానికి ధారపోయుచు, కదలక, మాటాడక, సాధన ముగియువరకు కూర్చొనవలెను. కదలిన వారికి, మాటాడిన వారికి నాయకత్వ మార్కులు తగ్గింపబడి, పదోన్నతి సమయమున పరిగణింపబడును.’

ఆమె ఆ వాక్యాన్ని చాలా నెమ్మదిగా చదివింది. మనిషి ఒంటి వేడి, మిషను లోపలి వేడి ఇంచుమించు ఒకటే. కదలకూడదు, మాట్లాడకూడదు, లేవకూడదు. ఇరవై ఆరేళ్లుగా ఆమెకు తెలిసిన ఒక ప్రాణి సరిగ్గా ఇదే చేస్తుంది. ఒక కోడి కింద పదిహేను గుడ్లు పెడతారు. నలభై పదిహేన్లు ఎంతో ఆమె వేళ్లు మడవకుండానే చెప్పగలదు.

“సార్, బీజం అంటే ఏదైనా ప్రాణం ఉండేది అయితే సాలునా?”

“సాలు.”

“ఒక్కొక్కరికి ఒకటే ఉండల్లని రాసినారా?”

ముత్యాలప్ప కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు. ముప్ఫై ఏళ్లుగా ఉత్తర్వులు రాస్తున్నవాడు కాబట్టి ఆయనకు విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. గంటలో నోటు తయారైంది. ‘శాఖ వద్ద నిల్వలో గల సజీవ బీజములను, ఎట్టి కొనుగోలు లేకుండా, వినియోగింపవచ్చును’ అని. ఆచార్య ఋతంభర్ అది చదివి కళ్లు మూసుకున్నారు. తెరిచి, “సృష్టి మొత్తం గుడ్డులోంచే వచ్చింది,” అన్నారు. సదానందం గారు అది పచ్చ సిరాతో అంచులో రాసుకుని సంతకం చేశారు.

అమావాస్య పొద్దున పదింటికి సమావేశ మందిరం కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టారు. బయట ఎండ చక్కగా కాస్తోంది. నలభై మంది అధికారులు చాపల మీద వరసగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. దూడలకు కప్పడానికి వచ్చి గోడౌనులో ఉండిపోయిన కంబళ్లు తలా ఒకటి కప్పారు. ఓబుళమ్మ, మస్తానయ్య కలిసి పాత చీర ముక్కలు పరిచిన గంపల్లో గుడ్లు తెచ్చి, ఒక్కొక్కరి ఒడిలో పదిహేను చొప్పున సర్దారు. కొన్నిటికి అప్పటికే సన్నటి నెర్రె పడింది.

“అయ్యా, చెయ్యి కింద పెట్టుకోండి. సల్లబడినట్టుంటే కంబళి దగ్గరికి లాక్కోండి. కాలు సాపొద్దండి,” అని ఓబుళమ్మ వరస వెంట చెప్పుకుంటూ పోయింది. జిల్లా అధికారులకు ఆదేశాలివ్వడం ఆమెకు అదే మొదలు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెబితే మార్కులు పోతాయి.

స్విచ్ ఆపారు. తలుపు మూశారు.

మొదటి గంట దగ్గులతో గడిచింది. రెండో గంటలో దగ్గులు కూడా ఆగాయి. ఓబుళమ్మ చీకట్లో వంగి, ఒక్కొక్కరి కంబళి కింద చెయ్యి పెట్టి వెచ్చదనం చూసుకుంటూ తిరుగుతోంది. లైటు లేకపోవడం ఆమెకు అడ్డం కాలేదు. వేలు తగిలితే చాలు, పెంకు లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. లావుపాటి వాళ్ల ఒళ్లో గుడ్లు బాగున్నాయి. సన్నంగా ఉన్న ఇద్దరు డాక్టర్ల ఒడి చల్లగా ఉంటే, వాళ్ల గుడ్లు కొన్ని తీసి పక్కనున్న బొద్దు డాక్టరుకు చేర్చింది. ఆయన మార్కులు గుర్తొచ్చి మాట్లాడలేదు. ఒక గుడ్డు ఎంతకీ ఉలకలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది. లోపల ఎక్కడో టిక్కుమంది. అప్పుడు ఓబుళమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి, చీకటి కాబట్టి తుడుచుకోలేదు.

ఒంటిగంట దాటాక, మందిరంలో సన్నగా ఒక శబ్దం మొదలైంది. ముందు ఒకచోట, తర్వాత మూడు చోట్ల, తర్వాత అంతటా. కీచుమని, ఆగి, మళ్లీ కీచుమని.

“వినండి,” అన్నారు ఆచార్య వేదిక మీదనుంచి. “చాలా ఏళ్లుగా మీరు వినని గొంతు. అది మీ అంతర్వాణి.”

నలభై మందీ పశువైద్యులు. కోడిపిల్ల అరుపు ఎలా ఉంటుందో చదువుకుని పట్టాలు పుచ్చుకున్నవాళ్లు. అయినా పెద్దలు అంతర్వాణి అన్నాక కోడిపిల్ల అనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కాసేపటికి కొందరు నిజంగానే నమ్మారు. ఒకాయన వెక్కిళ్లు పెట్టాడు. సొంత జిల్లాకు బదిలీ అడగమని తన అంతర్వాణి చెప్పినట్టు ఇంకొకాయన తర్వాత నివేదికలో రాశాడు. సదానందం గారి ఒడిలో తడితడిగా, వెచ్చగా ఏదో కదిలి ఆయన చిటికెన వేలు పట్టుకుని పొడిచింది. ఆయన బుగ్గల మీదుగా కన్నీళ్లు కారాయి. చెయ్యి మాత్రం తీయలేదు. ఓబుళమ్మ అది తడిమి చూసి, మనిషి మంచివాడేనే అనుకుంది.

ఐదింటికి నల్లగుడ్డలు విప్పారు. ఒక్కసారిగా వెలుతురు పడేసరికి నలభై ఒళ్లలోంచి పిల్లలు బిలబిలమంటూ చాపల మీదికి దిగాయి. ఓబుళమ్మ, మస్తానయ్య గంపల్లోకి ఎత్తుతూ లెక్కపెట్టారు. ఐదు వందల ఇరవై ఎనిమిది. నూటికి ఎనభై ఎనిమిది. ఓబుళమ్మ లెక్కను నాలుగుసార్లు సరిచూసుకుంది, ఆమె సర్వీసులోనే అంత లేవలేదు. సదానందం గారి పదిహేనూ లేచాయి. కళ్లు తెరవగానే కనిపించినవారి వెంట పడటం కోడిపిల్ల లక్షణం కాబట్టి, ఆయన లేచి వరండాలోకి నడిస్తే పదిహేనూ వరసగా వెంట నడిచాయి. ఆయన ఆగితే ఆగాయి, నడిస్తే నడిచాయి. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో తన వెనక ఎవరైనా ఇష్టపడి నడవడం ఆయన చూడటం అదే తొలిసారి. నాయకత్వం అంటే ఏమిటో ఆ వరండాలో ఆయనకు పూర్తిగా అర్థమైంది.

కమిషనరేట్ కు నివేదిక వెళ్లింది. హేచరీ మూసివేత ఆగింది. ఓబుళమ్మ అందరికీ మిఠాయి పంచి, కడుపునిండా అన్నం తిని, మర్నాటి నుంచి కొత్త విడతకు గుడ్లు ఏరడం మొదలుపెట్టింది. పదిహేను రోజులు అలా హాయిగా గడిచాయి.

పదహారో రోజున ఐదో ఉత్తర్వు వచ్చింది.

‘యంత్రముల పొదుగుడు శాతము 66, 61 కాగా, నాయకుల పొదుగుడు శాతము 88గా నిరూపితమైనది. కావున ఇకపై గుడ్లను అధికారులే పొదుగుదురు. పురాతనమైన యంత్రమును గురువారము నాడు తొలగించవలెను. యంత్రము లేనందున సూపర్వైజరు, ఆపరేటరు పోస్టులు అనవసరమగుచున్నవి. జిల్లా ప్రయోగము విజయవంతమైనచో రాష్ట్రమంతటా విస్తరింపబడును.’

మస్తానయ్య మిషను తలుపు మీద చెయ్యివేసి నిలబడ్డాడు. “డెబ్బై రాకుండా ఉంటే మూసేస్తాండ్రి. ఎనభై ఎనిమిది వచ్చిందానికీ మూస్తాండారు,” అన్నాడు.

ఓబుళమ్మకు ఒళ్లు మండిపోయింది. గుడ్లు బతికించుకోవడానికి తాను వేసిన ఎత్తే తన మెడకు చుట్టుకుంది. ఎవరిని తిట్టాలో తెలియక కాసేపు తననే తిట్టుకుంది. తర్వాత ఒక తెల్లకాగితం, స్కేలు, పెన్సిలు తీసుకుని గీతలు గీయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనం కూడా మాని, ఆ కాగితం పూర్తిచేసి, సదానందం గారి గదికి వెళ్లింది. ఆయన బల్ల పక్కన గంపలో ఆ పదిహేను పిల్లలూ నూకలు తింటున్నాయి. సంఘాలకు ఇవ్వకుండా ఆయన ఉంచేసుకున్నారు.

“రా ఓబుళమ్మా. ఉత్తర్వు చూశావా?”

“సూసినా సార్. వచ్చే విడతకు డ్యూటీ చార్టు తెచ్చినా. పైన మీ పేరే ఉండాది.”

సదానందం గారు గర్వంగా అందుకుని చూశారు. చూస్తూ చూస్తూ కాగితం దగ్గరికి జరిపారు.

“ఇరవై ఒక్క రోజులు వేశావేంటి? మనం ఏడు గంటల్లో చేశాం కదా.”

“మీరు చేసింది కడాన ఏడు గంటలు సార్. ముందర ఇరవై దినాలు మిషను చేసినాది.”

గంపలో పిల్లలు కీచుకీచుమంటున్నాయి. ఓబుళమ్మ నిదానంగా, పనివాళ్లకు పని అప్పజెప్పేటప్పుడు చెప్పినట్టు చెప్పుకుపోయింది. ఇరవై ఒక్క రోజులూ గుడ్ల మీదే ఉండాలి. రాత్రీ పగలూ తేడా లేదు. సెలవు, టూరు, సమావేశం పనికిరావు. దినానికి ఒకసారి పావుగంట లేవచ్చు, కోడి అంతే లేస్తుంది. గుడ్లను మూడుసార్లు అటూ ఇటూ తిప్పుకోవాలి.

“మధ్యలో అత్యవసరమై లేస్తే?”

“సల్లబడతాయి సార్. గుడ్డు మురుగుతాది.”

“మురిగితే తీసేయవచ్చు కదా?”

“పైకి తెలీదు సార్. లోపల గాలి పట్టి ఉంటాది. వేడికి ఒక్కోసారి పేలుతాది.”

“ఎక్కడ?”

“యాడుంటే ఆడ్నే సార్.”

సదానందం గారు తన ఒడి వైపు ఒకసారి చూసుకున్నారు. ఆయన అంతర్వాణి ఎంత గట్టిగా అరిచిందో గానీ, ముఖంలో ప్రశాంతత మాత్రం మొత్తం పోయింది. నెలల తర్వాత ఆయన మామూలు మనిషిలా విసుక్కున్నారు.

“ముత్యాలప్పా, రాసుకో. నాయకులు పొదుగుడు దశను విజయవంతముగా పూర్తి గావించి తదుపరి దశకు ఎదిగినందున, ఇకపై ఆ బాధ్యత యంత్రమునకే తిరిగి అప్పగింపబడినది.”

“పోస్టులు సార్?” అన్నాడు ముత్యాలప్ప, పెన్ను ఎత్తకుండానే.

“యథాతథం.”

ఓబుళమ్మ కూర్చోమనకుండానే ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. “షెడ్డుకు లైను వేరే చేయించేది కూడా రాయించండి సార్. డీజిల్ ఎప్పటికప్పుడు పోయించేది కూడా.”

“డీజిల్ గురించి పాడ్యమి నాడు చూద్దాంలే. ఫైలు పెట్టి వెళ్లు.”

“పెట్టినా సార్. మీ ముందరే ఉండాది.”

“చర్చిద్దాం. రేపు రా.”

“పర్వాలేదు సార్,” అంది ఓబుళమ్మ, కుర్చీలో ఇంకాస్త సర్దుకుని, పైట భుజం చుట్టూ కప్పుకుని. “కూర్చుంటా.”

ఆయన ఇంకో ఫైలు తీశారు, మూశారు. ఫోను ఎత్తి పెట్టారు. నాలుగైంది, ఐదైంది. ఆమె కదల్లేదు, మాట్లాడలేదు. ఐదుంపావుకు సదానందం గారు పెన్ను తెరిచారు.